వీల్‌చైర్‌తో లైట్‌హౌస్‌కు: హైదరాబాద్‌లో బయల్దేరే ముందు కొలవాల్సినవి, అడగాల్సినవి

"లిఫ్ట్ ఉందా అండీ?" అని ఫోన్‌లో అడిగితే "ఉంది" అంటారు. అది అబద్ధం కాదు. లిఫ్ట్ దాకా వెళ్లడానికి మూడు మెట్లెక్కాలని మాత్రం చెప్పరు. మోసం చేద్దామని కాదు, రోజూ ఎక్కి దిగేవాళ్లకు మూడు మెట్లు లెక్కలోకి రావు, అంతే. మా నాన్నను వీల్‌చైర్‌లో తిప్పడం మొదలుపెట్టిన మొదటి ఏడాదిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. ఉందా లేదా అని అడగకూడదు, ఎన్ని అంగుళాలు అని అడగాలి. ఈ వ్యాసమంతా ఆ అంగుళాల గురించే.

నాన్న పుట్టింది బందరులో. చిన్నప్పుడు మంగినపూడి వైపు వెళ్లినప్పుడల్లా చూసిన "లైటౌసు" గురించి ఇప్పటికీ చెబుతారు. పక్షవాతం వచ్చాక తార్నాకలో మా రెండో అంతస్తు ఫ్లాటే ఆయన ప్రపంచం. "ఒకసారి సముద్రం, లైటౌసు చూడాలిరా" అన్నారు. హైదరాబాద్ నుంచి ఏ సముద్రమైనా ఒక రాత్రి ప్రయాణం. అంత దూరం వెళ్లి గేటు దగ్గర్నుంచి వెనక్కి రాకూడదంటే పని ఇక్కడే, ఇంట్లోనే మొదలవ్వాలి.

మొదట లైట్‌హౌస్‌ను ఎంచుకోండి, ఊరిని కాదు

పాత దీపస్తంభాలు మనుషులు చూసి ఆనందించడానికి కట్టినవి కావు. దీపం వెలిగించేవాడు ఒక్కడు ఎక్కితే చాలు. అందుకే లోపల గుండ్రంగా తిరిగే సన్నటి మెట్లు, పైన నిచ్చెన, తల వంచుకుని దూరాల్సిన తలుపు ఉంటాయి. చార్మినార్ 149 మెట్లు మనకు తెలిసినవే, అక్కడ వీల్‌చైర్ కిందే ఆగిపోతుంది. చాలా లైట్‌హౌస్‌లదీ అదే కథ. కాబట్టి మొదటి ప్రశ్న పైకి వెళ్లడం ముఖ్యమా, లైట్‌హౌస్‌ను చూడటం ముఖ్యమా అన్నది. ఈ మాట కుర్చీలో కూర్చునే మనిషినే అడగండి. తోసేవాళ్లు తేల్చే విషయం కాదు.

పైకి వెళ్లాలనుకుంటే మనకు దగ్గర్లో చెప్పుకోదగ్గది చెన్నై మెరీనా. లిఫ్ట్ ఉన్న అతి కొద్ది లైట్‌హౌస్‌లలో అదొకటి. 1977 జనవరిలో ప్రారంభమైన, సుమారు 46 మీటర్ల ఎత్తున్న మూడు పలకల స్తంభం, ఎరుపు తెలుపు పట్టీలు. సందర్శకుల గ్యాలరీ తొమ్మిదో అంతస్తులో ఉంది. చాలా ఏళ్లు మూసి ఉంచి, 2013 నవంబరులో మళ్లీ జనాన్ని అనుమతించారు. "1977 అంటే చారిత్రకం ఎలా?" అని మా బావ వాదించాడు. ఆ దీపానికి వెనక మూడు తరాలున్నాయి. 1796లో సెయింట్ జార్జ్ కోటలో మొదటి దీపం. 1844లో గ్రానైట్ స్తంభం, అది ఇప్పటికీ హైకోర్టు ఆవరణలో నిలబడే ఉంది. 1894లో దీపాన్ని ఏకంగా హైకోర్టు భవనం గుమ్మటం మీదికి మార్చారు. న్యాయస్థానం నెత్తిన ఓడలకు దారి చూపే దీపం! నాకు ఆ మూడో దశే చాలా ఇష్టం.

కేరళలో కొల్లం దగ్గర తంగశ్శేరి (1902) కూడా లిఫ్టున్నదే, కాకపోతే హైదరాబాద్ నుంచి దూరం మరీ ఎక్కువ.

బయటి నుంచి చూస్తే చాలనుకునేవాళ్లకు మన తెలుగు తీరమే బంగారం. భీమునిపట్నంలో 1868 నాటి పొట్టి తెల్లటి స్తంభం సముద్రపు ఒడ్డునే ఉంది, కారు దిగకుండా కూడా చూడొచ్చు. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ 1957 నాటిది, కొండ మీదికి వాహనం వెళ్తుంది. కిందనుంచి పైకి చూసినా, కొండ మీంచి ఊరిని చూసినా తృప్తిగా ఉంటుంది. మహాబలిపురంలోని రాతి లైట్‌హౌస్‌ మాత్రం బండల మీద ఉంది. కుర్చీతో దాని జోలికి వెళ్లొద్దు.

మేము చెన్నై ఎంచుకున్నాం. ఇకపై ఉదాహరణలన్నీ దానివే, పద్ధతి మాత్రం ఏ లైట్‌హౌస్‌కైనా ఒకటే.

కుర్చీని కొలవండి

టైలరు టేపు చాలు. సీటు వెడల్పు కాదు, చక్రాల అంచు నుంచి అంచుదాకా కొలవాలి. 18 అంగుళాల సీటున్న మామూలు మడత కుర్చీ మొత్తం వెడల్పు 25, 26 అంగుళాలు వస్తుంది. సొంతంగా తోసుకునేవాళ్లైతే వేళ్లు గోడకు రాసుకోకుండా మరో రెండు మూడు అంగుళాలు కలపండి. పొడవు కొలిచేటప్పుడు పాదాల పలకల మీద కాళ్లు పెట్టించి, బొటనవేలి దాకా కొలవండి. మాకు 43 అంగుళాలు వచ్చింది. లిఫ్ట్ తలుపు మూసుకోవడం ఈ అంకె మీదే ఆధారపడుతుంది. చివరగా నేల నుంచి కూర్చున్న మనిషి కంటిదాకా ఎత్తు. ఇదెవరూ కొలవరు, లైట్‌హౌస్‌కు ఇదే అసలైన కొలత. ఎందుకో కింద చెబుతాను.

ఈ మూడు అంకెలూ ఫోన్‌లో రాసిపెట్టుకోండి. పక్కన మరో మూడు అంకెలు, మన దేశపు సుగమ్యత ప్రమాణాల్లోవి. తలుపు వెడల్పు 900 మిల్లీమీటర్లు, అంటే సుమారు 35 అంగుళాలు. కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల, అంటే ఐదడుగుల గుండ్రటి చోటు. ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి. ఈ చివరిదాన్ని "అంగుళానికి అడుగు" అని గుర్తుపెట్టుకోండి: ఆరంగుళాల మెట్టు దాటాలంటే ఆరడుగుల ర్యాంపు కావాలి. తోసేవాళ్లు బలంగా ఉంటే చిన్న మెట్టుకు సగం పొడవుతో నెట్టుకురావొచ్చు, అంతకన్నా నిటారుగా ఉంటే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది.

ఫోన్‌లో ఏం అడగాలి

లైట్‌హౌస్‌లన్నీ కేంద్ర ఓడరేవుల మంత్రిత్వ శాఖ కింద ఉండే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ లైట్‌హౌసెస్ అండ్ లైట్‌షిప్స్ అధీనంలో ఉంటాయి. 2024 ఫిబ్రవరిలో దేశవ్యాప్తంగా 75 లైట్‌హౌస్‌లలో పర్యాటక వసతులను ప్రారంభించారు కూడా. అక్కడి ప్రాంతీయ కార్యాలయానికి పని దినాల్లో పొద్దుటిపూట ఫోన్ చేస్తే లైట్‌హౌస్ సిబ్బందితో మాట్లాడిస్తారు. నేను మూడుసార్లు చేశాను. మూడోసారికి అవతలి ఆయనే "సర్, మీరు ఇంజినీరా?" అన్నారు.

అడగాల్సినవి ఇవి. కారు ఎక్కడి దాకా వస్తుంది, అక్కడి నుంచి టికెట్ కిటికీకి దారి సిమెంటా, మట్టా, ఇసుకా? మధ్యలో ఎన్ని మెట్లు, ఒక్కో మెట్టు ఎత్తెంత? లిఫ్ట్ తలుపు తెరుచుకున్నప్పుడు ఖాళీ ఎన్ని అంగుళాలు, లోపల లోతెంత? (ఆయన టేపు లేదంటే "మీ చేత్తో జానలు వేసి చూడండి సర్" అని బతిమాలండి, పనిచేస్తుంది.) లిఫ్ట్ దిగాక గ్యాలరీకి మధ్య గడప ఉందా, మెట్టు ఉందా? గ్యాలరీ నడవా వెడల్పెంత, కుర్చీ తిప్పుకోవచ్చా లేక వెనక్కి లాగుతూ రావాలా? కరెంటు పోతే లిఫ్టుకు జనరేటర్ ఉందా? ఈ నెలలో లిఫ్ట్ మరమ్మతు రోజులేవైనా ఉన్నాయా?

ఇక కంటి ఎత్తు సంగతి. గ్యాలరీ పిట్టగోడ నాలుగడుగులు ఉండి, నిండుగా కట్టినదైతే నిలబడ్డవాళ్లకు సముద్రం, కూర్చున్నవాళ్లకు ఆకాశం. అంత కష్టపడి ఎక్కి గోడకేసి చూసి రావాల్సి వస్తుంది. అందుకే "గోడ ఎత్తెంత, కింద కమ్మీలా, నిండు గోడా?" అని తప్పకుండా అడగండి. ఫొటో పంపగలరేమో అడగండి, లేదా జనం ఆన్‌లైన్లో పెట్టిన ఫొటోల్లో చిన్నపిల్లలు గోడ దగ్గర నిలబడ్డవి వెతకండి. ఆరేడేళ్ల పిల్లల కన్ను కూర్చున్న పెద్దల కంటికి దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. ఈ చిట్కా మా అమ్మాయిది.

ఎత్తు వల్ల వచ్చే తేడా కూడా చెప్పాలి. కుర్చీలో కూర్చుని ఇసుక ఒడ్డు నుంచి చూస్తే, కన్ను 1.2 మీటర్ల ఎత్తులో ఉంటే, సముద్రం అంచు దాదాపు 4 కిలోమీటర్ల దూరంలో కనిపిస్తుంది. 40 మీటర్ల ఎత్తు నుంచైతే అది 22, 23 కిలోమీటర్లకు జరుగుతుంది. భూమి గుండ్రంగా ఉన్నందుకే దీపాన్ని అంత పైన పెట్టేది.

టాయిలెట్ గురించి సిగ్గుపడకుండా అడగండి. "దివ్యాంగుల టాయిలెట్ ఉంది" అంటే ఆ తలుపుకు తాళం ఉంటుందా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, లోపల చీపుర్లు, బకెట్లు పెట్టారా అని కూడా అడగండి. నవ్వులాట కాదు. ఒక ఊళ్లో ఆ గది స్టోర్‌రూమ్ అయిపోయి, నాన్న నలభై నిమిషాలు ఓపిక పట్టాల్సి వచ్చింది. టాయిలెట్ భయంతో నీళ్లు తాగడం తగ్గించే అలవాటు చాలామందికి ఉంటుంది. తీరప్రాంతపు ఉక్కలో అది ప్రమాదం. పెద్దల డైపరో, యూరిన్ బ్యాగో పెట్టుకుని నీళ్లు బాగా తాగడమే మేలు.

హైదరాబాద్‌లో రిహార్సల్

ఇంటి గడప దాటి ఆరు నెలలైన మనిషిని నేరుగా రైలెక్కించకండి. మేము రెండు ఆదివారాలు రిహార్సల్ చేశాం. మొదటిది మెట్రో. తార్నాకలో లిఫ్టెక్కి రాయదుర్గం దాకా వెళ్లి తిరిగొచ్చాం. స్టేషన్‌లో లిఫ్టులున్నాయి, అసలు పరీక్ష లిఫ్టు నుంచి రోడ్డు దాకా ఉండే ఫుట్‌పాతే. అక్కడే నాకు ఫుట్‌పాత్ అంచు ఎక్కించడం వచ్చింది: వెనక పిడుల కింద ఉండే గొట్టాన్ని కాలితో తొక్కి, ముందరి చిన్న చక్రాలు లేపి అంచు మీద పెట్టి, అప్పుడు తొడతో నెట్టాలి. దిగేటప్పుడు ఎప్పుడూ వెనక్కి తిరిగి దిగాలి, పెద్ద చక్రాలు ముందు దిగాలి. నిటారు ర్యాంపు మీదా అంతే.

రెండో ఆదివారం నెక్లెస్ రోడ్డు. చదును నేల, గాలి, జనం. ఎండలో రెండు గంటలు కూర్చోగలరా అన్నది తేలుతుంది. పావుగంటకోసారి చేతుల మీద బరువు వేసి కాస్త లేవడం, లేదా పక్కకు ఒరగడం అలవాటు చేయించండి. స్పర్శ సరిగా తెలియనివాళ్లకు ఒక్క రోజు నిర్లక్ష్యం చాలు, ఒత్తిడి పుండు మొదలవుతుంది. గాలి కుషను కోఠీ సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది. మడత ర్యాంపు, స్పేర్ ట్యూబు కూడా అక్కడే చూడండి. చాలా కుర్చీలకు 24 అంగుళాల సైకిల్ లాంటి టైరే ఉంటుంది కాబట్టి పంక్చరైతే సైకిల్ షాపులో వేయిస్తారు.

రైలా, విమానమా

మాకు రైలే నచ్చింది. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలో బయల్దేరుతుంది. నాంపల్లి రైళ్లు వచ్చి ఆగిపోయే చివరి స్టేషన్, అందువల్ల ఓవర్‌బ్రిడ్జి ఎక్కే పని లేకుండా ప్లాట్‌ఫాం మీదికి తోసుకెళ్లొచ్చు. సికింద్రాబాద్‌లో ఎక్కితే ప్లాట్‌ఫాం మారే బెడద ఉంటుంది. చెన్నైలో ఏ స్టేషన్‌లో దిగాలో టికెట్ తీసేటప్పుడే చూసుకోండి.

తోడు లేకుండా ప్రయాణించలేని శారీరక వికలాంగులకు స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం రాయితీ ఉంది, తోడు వచ్చేవారికీ అంతే. దీనికి ప్రభుత్వం ఇచ్చే సదరం వైకల్య సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, రైల్వే ఇచ్చే రాయితీ కార్డు విడిగా తీసుకోవాలి. ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకోవచ్చు, కానీ చేతికి రావడానికి వారాలు పడుతుంది, టికెట్ తీసే రోజున గుర్తొస్తే లాభం లేదు. ఆ కార్డుతో దివ్యాంగుల కోటాలో బెర్తు దొరికే అవకాశం కూడా ఉంటుంది.

ఏసీ పెట్టెలో నడవా సన్నం, మామూలు కుర్చీ దూరదు. తలుపు దగ్గర్నుంచి బెర్తు దాకా మనిషిని ఎత్తుకోవాల్సిందే. అందుకే తలుపుకు దగ్గరి లోయర్ బెర్తు అడగండి. స్టేషన్‌లో సహాయక్‌తో (పోర్టరుతో) ముందే బేరం మాట్లాడి, ఎలా పట్టుకోవాలో మీరే చూపించండి: ఒకరు వెనక నుంచి చంకల కింద చేతులు పోనిచ్చి మనిషి ముంజేతులు పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్ల కింద. పక్షవాతం వచ్చిన చేతిని మాత్రం లాగనివ్వొద్దు, భుజం జారుతుంది.

విమానమైతే కనీసం 48 గంటల ముందు చెప్పాలి. ఎయిర్‌లైన్ వాళ్ల భాషలో మూడు రకాలున్నాయి: మెట్లెక్కగలిగి దూరం నడవలేనివాళ్లు, మెట్లెక్కలేకపోయినా సీటు దాకా నడిచేవాళ్లు, సీటు దాకా మోసుకెళ్లాల్సినవాళ్లు. ఒక్కో రకానికి ఒక్కో కోడ్. బుకింగ్‌లో తప్పు కోడ్ పడితే మెట్ల ముందు నిలబడిపోతారు. సొంత కుర్చీకి ఛార్జీ ఉండదు. బ్యాటరీ కుర్చీ అయితే బ్యాటరీ రకం ముందే చెప్పాలి.

హోటల్ గది బుక్ చేసేటప్పుడు బాత్రూం తలుపు కొలత అడగడం మరవకండి. ఒకచోట "వీల్‌చైర్ రూమ్" అని ఇచ్చిన గదిలో బాత్రూం తలుపు 22 అంగుళాలు. గది ఎంత విశాలంగా ఉండి ఏం లాభం!

ఆ రోజు

జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైకి ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు. మే ఎండ గురించి చెప్పక్కర్లేదు. సోమవారం లైట్‌హౌస్‌కు సెలవు, మధ్యాహ్నం కొన్ని గంటలు మూస్తారు. బయల్దేరే ముందు రోజు మళ్లీ ఫోన్ చేసి వేళలు, లిఫ్ట్ సంగతి కనుక్కోండి.

పొద్దున వెళ్లాలా, మధ్యాహ్నం తర్వాతా? పొద్దున జనం తక్కువ, కానీ తూర్పు తీరం కదా, సూర్యుడు సముద్రం మీంచే కళ్లలోకి కొడతాడు. మూడు దాటాక ఎండ వెనక నుంచి పడి నీళ్లు నీలంగా కనిపిస్తాయి. ఇబ్బందల్లా గాలి: నేల వేడెక్కేకొద్దీ సముద్రపు గాలి జోరందుకుంటుంది, పైన ఇంకా ఎక్కువ. ఒళ్లో శాలువా ఎగిరి చక్రంలో చిక్కుకోవచ్చు, చుట్టి దోపేయండి. టోపీకి తాడు కట్టండి. పైన ఆగగానే రెండు బ్రేకులూ వేయండి. నా ఓటు వారం మధ్యలో ఒక మధ్యాహ్నానికే.

లిఫ్టులోకి కుర్చీని వెనక్కి తిప్పి ఎక్కించండి, దిగేటప్పుడు ముఖం తలుపు వైపు ఉంటుంది. లిఫ్ట్ పైన ఆగిపోతే గంటో రెండు గంటలో అక్కడే ఉండాల్సి రావచ్చు కాబట్టి మందులు, నీళ్లు, బిస్కెట్లు కారులో వదలొద్దు. తొమ్మిది అంతస్తులు మనిషిని మోసుకుని దిగాల్సివస్తే మీ దగ్గర బలమున్నవాళ్లు ఎంతమంది ఉన్నారో కిందే లెక్కేసుకోండి.

మూడు తమిళ మాటలు. "పడి ఇరుక్కా?" అంటే మెట్లున్నాయా. "లిఫ్ట్ వేలై సెయ్యుదా?" అంటే లిఫ్ట్ పనిచేస్తోందా. "మెదువా" అంటే నెమ్మదిగా, ఇది సాయం పట్టేవాళ్లకు పదిసార్లు చెప్పాలి. ముందు "అన్నా" తగిలించండి, అది రెండు భాషల్లోనూ దాదాపు ఒకటే.

ఇక ఇసుక. ముందరి చిన్న చక్రాలు ఇసుకలో దిగబడతాయి, ఎంత నెట్టినా ముందుకు పోదు. కుర్చీని వెనక్కి వంచి పెద్ద చక్రాల మీద లాగాలి, పది గజాలకే నడుం పట్టేస్తుంది. మెరీనాలో ఆ అవసరం లేదు. వివేకానందర్ ఇల్లం ఎదురుగా 2022 నవంబరులో 263 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పున్న చెక్క దారి వేశారు. సర్వీస్ రోడ్డు నుంచి అలల దగ్గరిదాకా కుర్చీ నేరుగా వెళ్తుంది. వేసిన కొద్ది రోజులకే మాండూస్ తుపాను దాని చివరి భాగాన్ని విరగ్గొట్టింది, తర్వాత బాగుచేశారు. కాబట్టి ఏ తుపాను తర్వాతైనా ముందుగా కనుక్కుని వెళ్లండి. లైట్‌హౌస్ మెరీనా దక్షిణపు కొసన ఉంది, ఈ దారి దానికి ఉత్తరాన. మధ్య దూరానికి ఆటోయో కారో మంచిది.

పైకి వెళ్లకపోతే

ఇన్ని అంగుళాలు కొలిచి, మూడుసార్లు ఫోన్ చేసి, తీరా లైట్‌హౌస్ ముందుకు వెళ్లాక నాన్న తల పైకెత్తి ఒకసారి చూసి "మీరెళ్లి రండి, నాకు ఇక్కడ బాగుంది" అన్నారు. నాకు మొదట కోపమొచ్చింది, దాచడమెందుకు. బతిమాలాను. "ఎక్కింది ఎప్పుడురా? చిన్నప్పుడూ కిందనుంచే చూశాను" అన్నారు. అమ్మాయీ నేనూ వెళ్లొచ్చాం. కింద లైట్‌హౌస్ మ్యూజియం కూడా ఉంది, పాత దీపాలు, పరికరాలు చూడొచ్చు.

చీకటి పడే వేళకు చెక్క దారి చివర కూర్చున్నాం. వెనక దక్షిణాన దీపం వెలిగింది. నాన్న ఒక మెరుపుకూ మరో మెరుపుకూ మధ్య ఎన్ని సెకన్లో వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ప్రతి లైట్‌హౌస్‌కూ దానిదైన మెరుపు లయ ఉంటుందనీ, రాత్రి నావికుడు దాన్ని బట్టే ఏ ఊరి తీరమో పోల్చుకుంటాడనీ అమ్మాయికి చెప్పారు. ఆ అరగంట కోసం మీరూ సాయంత్రం ఖాళీ ఉంచుకోండి. వాచీలో సెకన్ల ముల్లు ఉంటే ఇంకా బాగుంటుంది.

ఎక్కడైనా దారి లేకపోతే ఊరికే తిట్టుకుని రాకండి. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ప్రభుత్వ భవనాలు అందరికీ అందుబాటులో ఉండాలి. ఈ ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదనీ, తప్పనిసరి చేయాలనీ 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. సుగమ్య భారత్ యాప్‌లో ఫొటో పెట్టి ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదులోనూ అంకెలే రాయండి: "మెట్టు 7 అంగుళాలు, ర్యాంపు లేదు" అని.

ఇంటికొచ్చాక

ఉప్పు గాలి కుర్చీకి శత్రువు. వచ్చిన రోజే మంచినీళ్లతో తడిపిన గుడ్డతో ఫ్రేమంతా తుడవండి. ముందరి చక్రాల ఇరుసుల్లో ఇసుక రేణువులు ఉంటాయి, పాత టూత్‌బ్రష్‌తో తీయండి. ఆరాక రెండు చుక్కల మిషన్ ఆయిల్ వేసి చక్రం తిప్పి చూడండి, కరకరమంటే ఇంకా ఇసుక ఉన్నట్టే. కుషను కవరు ఉతకండి. బ్రేకుల స్క్రూలు ప్రయాణంలో వదులవుతాయి, బిగించండి. ఫోన్‌లో రాసుకున్న అంకెల పక్కన అక్కడ నిజంగా ఎదురైన కొలతలు కూడా రాసుకోండి. నాన్న ఇప్పుడు భీమిలి అంటున్నారు, నేను మళ్లీ ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.